నీళ్లు దగ్గర ఉంచుకోగలరు

ఇబ్రహీంపట్నం తహసీల్ ఆఫీసు ఎదురు సందులో ఆన్‌లైన్ సెంటర్ నడిపే భవాని, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు దాకా ఎవరి ఫైలూ తెరవదు. ఎంత తొందరున్నా సరే, ఎంత పెద్దమనిషి వచ్చి కూర్చున్నా సరే, తెరవనంటే తెరవదు. ఊళ్లో జనం అన్నాల ముందు కూర్చునే వేళ అది. ఫైలు తెరిస్తే అందులోని మనిషికి, ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, పొలమారుతుంది. సెంటర్ పెట్టిన కొత్తలో ఆమెకు ఈ కట్టుబాటు లేదు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం బాలరాజ్ అనే అతని రేషన్ కార్డు తెరిచింది. ఆ క్షణంలో బాలరాజ్ తుర్కయాంజాల్‌లో పెళ్లి విందులో కూర్చుని మటన్ ఎముక చీకుతున్నాడు. పక్కవాళ్లు నెత్తి మీద తట్టి, వీపు మీద గుద్ది, ఎలాగో గట్టెక్కించారు. మర్నాడు పొద్దున్నే వచ్చి సెంటర్ మెట్ల మీద నిలబడ్డాడు.

“బొక్క నోట్లె ఉండంగ తెరుస్తవా అక్కా? జర టైము సూసుకోవద్దా?”

అప్పటి నుంచి భవాని టైము చూసుకుంటోంది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని అందరికీ తెలిసిందే కదా. కంప్యూటర్ తలుచుకున్నా అంతే.

ఆ కంప్యూటర్‌కు పదకొండేళ్లు. ఈ పదకొండేళ్లలో చుట్టుపక్కల ఊళ్ల జనమంతా కొంచెం కొంచెంగా అందులోకి చేరారు. ఆధార్ కార్డులు, పట్టా పుస్తకాలు, వేలిముద్రలు, కులం కాగితాలు, గోడకు కట్టిన తెల్లదుప్పటి ముందు కూర్చోబెట్టి తీసిన ఫోటోలు. పని అయిపోగానే తీసేస్తే సరిపోయేది. కానీ తీయనిచ్చిందెవరు? “ఉండనియ్ బిడ్డా, మల్లొక్కపారి రావాలంటే ఇవన్ని ఏడ మోస్కరావాలె” అనేవాళ్లు. భవాని కూడా కాదనేది కాదు. రైతులు కాగితాలను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, కవర్ను సంచిలో పెట్టి, సంచిని చంకలో పెట్టుకుని బస్సుల్లో నిలబడి వస్తారు. వాళ్ల మీద జాలి ఆమెది. ఆ జాలి వల్లనే ఇంతమంది అందులో మిగిలిపోయారు. సర్కారు ఆఫీసుల కంప్యూటర్లకు ఈ తిప్పలు లేవు. అక్కడ మనుషులు నిలవరు, నంబర్లే నిలుస్తాయి.

సాయంత్రం స్విచ్ ఆపేశాక కంప్యూటర్ తెర నల్లటి అద్దంలో వాళ్లందరూ కనిపిస్తారు. భుజాల దాకానే, వెనక తెల్లదుప్పటితో, వరసలు వరసలుగా. ఎవరూ నవ్వరు, ఫోటో తీసేటప్పుడు నవ్వద్దని భవానే చెబుతుంది కాబట్టి. బతికున్నవాళ్ల కళ్లు తెరిచి ఉంటాయి. పోయినవాళ్ల కళ్లు మూసి ఉంటాయి. పొద్దున్నే షట్టర్ ఎత్తి, వాకిట్లో నీళ్లు చల్లి, తడిగుడ్డతో అద్దం తుడుస్తూ భవాని ఆ వరసల మీదుగా ఒకసారి చూపు తిప్పుతుంది. రాత్రికి రాత్రి ఎవరైనా కళ్లు మూసుకుని ఉంటే ఒక్క క్షణం గుడ్డ ఆపుతుంది, అంతే. ఎవరికీ ఫోన్ చేయదు. కబురు వాళ్ల ఇంటి నుంచే రావాలి, అది పద్ధతి. మరణ ధ్రువీకరణ దరఖాస్తు ఒకటి తీసి మాత్రం పక్కన పెట్టుకుంటుంది.

ఆ అద్దం కోసమే ప్రతి బుధవారం యాచారం దిక్కు నుంచి ఇంద్రమ్మ వచ్చేది.

ఆమెకు అరవై దాటాయి. ఆమె భర్త అంజిలయ్య అద్దంలో పై నుంచి నాలుగో వరసలో కళ్లు మూసుకుని ఉంటాడు. కొడుకు వినీత్ ఏడో వరసలో కళ్లు తెరుచుకుని ఉంటాడు. తొమ్మిదేళ్ల కిందట అంజిలయ్యకు ఛాతీలో నొప్పి వచ్చి దవాఖానలో పడ్డ రోజు, ఇరవై మూడేళ్ల వినీత్ దోస్తులతో ఎల్బీనగర్‌లో ఉన్నాడు. ఫోన్ ఆపేసి ఉంది. వాడు వచ్చేసరికి తండ్రి లేడు. పదకొండో రోజున, చుట్టాలందరి ముందు, ఇంద్రమ్మ కొడుకుతో ఒక్క మాట అన్నది.

“నీ మొకం నాకు సూపియ్యకు.”

వాడు చూపించలేదు. ఆ మధ్యాహ్నమే ఇబ్రహీంపట్నం వచ్చి, భవాని సెంటర్లో తెల్లదుప్పటి ముందు కూర్చుని ఫోటో తీయించుకున్నాడు. ఏదో పనికి దరఖాస్తు అన్నాడు. ఎనిమిది కాపీలు జేబులో పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. వాణ్ణి ఆఖరుసారి చూసిన మనిషి భవాని. వాడి కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయని చూసింది కూడా. “తలకాయ జర పైకెత్తు తమ్మీ” అన్నదే తప్ప, ఏమైందని అడగలేదు. ఆ రోజు బయట బెంచీ మీద ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన మీద తనకే కోపం వస్తుంది.

బుధవారాల్లో ఇంద్రమ్మ మొదట ఫైలు తెరిపించేది. “తెరువు బిడ్డా. వానికి పొలమారాలె. ఎవలో యాదిచేస్కుంటున్నరని తెల్వాలె” అనేది. భవాని తెరిచేది. తర్వాత స్విచ్ ఆపేది. ఇంద్రమ్మ అద్దం దగ్గరికి జరిగి, ఏడో వరసలో కొడుకు కళ్లు చూసుకుని, ఇంకో వారానికి సరిపడా ధైర్యం మూటగట్టుకుని బస్సెక్కేది.

ఒకసారి తన బాధ తనే చెప్పుకుంది. “తొమ్మిదేండ్ల సంది నాకు ఒక్కనాడు గూడ పొలమార్లే. రొట్టె ఎండుగ తింట. నీళ్లు దగ్గర పెట్టుకోను. అటుకులు ఉత్తగ బుక్కుత. ఊహుఁ.”

“మొన్న పింఛను పనికి నీ ఫైలు తెరిస్తే వచ్చింది గద ఇంద్రమ్మత్తా.”

“నువ్వు తెరిస్తె వచ్చేది లెక్కల గాదు బిడ్డా. వాడు యాదిచేస్కుంటె రావాలె.”

ఇట్లా నడుస్తుండగా కందుకూరు దిక్కు నుంచి జానయ్య వచ్చాడు. ఫిర్యాదు రాయించుకోవడానికి వచ్చాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. వాళ్ల దగ్గర సెంటర్ నడిపే అతను పాత కంప్యూటర్‌ను ఎట్లా ఉన్నదాన్ని అట్లాగే, లోపల మనుషులు ఉండగానే, పాత సామాన్ల బండికి వేసేశాడట. అది ఏ చేతులు మారి ఏ ఊరు చేరిందో తెలియదు. అప్పటి నుంచి జానయ్యకు వేళాపాళా లేకుండా పొలమారుతోంది. ఎక్కడో ఎవరో అతన్ని తెరుస్తున్నారు, మూస్తున్నారు, మళ్లీ తెరుస్తున్నారు. జానయ్య ఎన్నడూ మొహం చూడని ఒక పట్నంలో అతని వేలిముద్ర ఏడు సిమ్ కార్డులు తీసుకుంది. పోలీసులు ఇంటికి వచ్చి వెళ్లారు.

“ముద్ద దిగుతలేదక్కా. గంజి తాగి బతుకుతున్న” అన్నాడు జానయ్య. ఆ రెండు ముక్కలు చెప్పడానికి అతను మధ్యలో మూడుసార్లు ఆగి దగ్గాడు. మూడోసారి దగ్గు ఎంతకూ ఆగలేదు. ఎవరో అతన్ని తెరిచి, మూయడం మరిచిపోయినట్టున్నారు.

భవాని ఆ రోజు తన కంప్యూటర్ వంక చూసింది. అది ఎలాగూ ముసలిదైపోయింది. ఫ్యాన్ గరగరలాడుతోంది. కొత్త దరఖాస్తులేవీ అందులో తెరుచుకోవడం లేదు. కొత్త కంప్యూటర్ కొని నెలైంది, అట్టపెట్టె విప్పకుండా మూలన పెట్టింది. పాత సామాన్ల అతను రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లాడు. అతను ఖాళీ పెట్టె అడగడం లేదు. “ఎట్లున్నదట్లనే ఇయ్యక్కా, లోపలివి ఏం ముట్టకు” అంటున్నాడు. ఆ మాట ఎందుకో ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

సోమవారం షట్టర్ సగం దించుకుని కూర్చుని, ఒక్కో ఫోల్డరే డిలీట్ కొట్టింది. ఊరు తర్వాత ఊరు. సాయంత్రానికి అన్నీ అయిపోయాయి. చెత్తబుట్ట బొమ్మ కూడా ఖాళీ చేసింది. ఒక్కరికీ పొలమారిన అలికిడి లేదు. వీధిలో ఎవరూ దగ్గలేదు. అక్కడే ఆమెకు అనుమానం రావాల్సింది, రాలేదు. ఇక పీడ వదిలిందనుకుని స్విచ్ ఆపింది.

అందరూ అద్దంలోనే ఉన్నారు.

కానీ వరసలు పోయాయి. ఇంతకాలం ఎవరి గడిలో వాళ్లు నిలబడ్డవాళ్లు ఇప్పుడు ఒకరి మీద ఒకరు పడుతూ, ఒకరి భుజం వెనక ఒకరు ఇరుక్కుని ఉన్నారు, పండగ ముందు రోజు బస్సులో ఉన్నట్టు. ఇంతకాలం ఎదురుగా ఎటో చూసే ఆ చూపులు ఇప్పుడు భవాని మీదే ఉన్నాయి. ఆమె కుడివైపు జరిగింది. కళ్లన్నీ కుడివైపు తిరిగాయి. ఆమె అద్దం మీద తువాలు కప్పేసి, తాళం వేసి, ఇంటికి వెళ్లి జ్వరం వచ్చినట్టు పడుకుంది.

మంగళవారం తిరుమల్‌ను పిలిపించింది. కంప్యూటర్లు బాగుచేసే తిరుమల్‌కు నలభై ఏళ్లుంటాయి. సాగర్ రోడ్డు పొడుగునా ఉన్న సెంటర్లన్నీ అతని చేతి మీదుగానే నడుస్తాయి. తువాలు తీసి చూసి, నాలుక చప్పరించాడు.

“అక్కా, గిదేం పని? నువ్వు డిలీట్ కొట్టినవ్ అంతే. ఇంటి ముంగట పేరు చెరిపేసినట్టు. లోపల మనిషి లోపల్నే ఉన్నడు. ఇప్పుడు ఎవలు ఎవలో తెల్వకుంట చేసినవ్.”

“మరి ఎట్ల పోతరు?”

“మీదికెళ్లి సున్నాలు రాయాలె. మొత్తం డిస్కు నిండ, ఈ అంచు నుంచి ఆ అంచు దాంక. ఒక్కపారి రాస్తే నమ్మకం లేదు, మూడుపార్లు రాస్త. అప్పుడు ఎవల మనిషి వాళ్లకు పోతడు. అటెన్క డిస్కుకు డ్రిల్లుతోని బొక్కలు కొడత. ఉత్త డబ్బా మిగుల్తది. అది కరెంటు చెత్త తీస్కునేటోళ్లకు ఇద్దాం.”

“ఎంతసేపు?”

“పొద్దంత పడ్తది. నడుమ ఆపొద్దు, ఆపితే మల్ల మొదటికొస్తది. పోయేటప్పుడు ఒక్కొక్కలకు ఒక్కపారి పొలమారుతది. ఊళ్లె చెప్పి పెట్టు.”

భవాని ఆ సాయంత్రమే తెల్లకాగితం మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసి షట్టర్‌కు అతికించింది. ఇంకో నాలుగు కాగితాలు టీ కొట్టుకు, బస్టాండుకు, తహసీల్ ఆఫీసు గేటుకు, బ్యాంకు మెట్ల దగ్గరకు పోయాయి.

‘గురువారం ఉదయం పది గంటల నుండి పాత కంప్యూటర్ ఖాళీ చేయబడును. ఇందులో కాగితాలు ఉన్నవారు ఆ లోపే భోజనం ముగించవలెను. పొలమారినచో కంగారు పడరాదు. నీళ్లు దగ్గర ఉంచుకోగలరు.’

చదివినవాళ్లు తలూపి పోయారు. ఒకరిద్దరు వచ్చి, తమ కొడుకులు దుబాయిలో ఉన్నారని, అక్కడ భోజనాల టైము వేరని, వాళ్ల వంతు ఎప్పుడో ముందే చెబితే ఫోన్ చేసుకుంటామని అడిగారు.

బుధవారం ఇంద్రమ్మ వచ్చింది. కాగితం చదవడం రాదు కాబట్టి భవానే చదివి వినిపించింది. ఇంద్రమ్మ బెంచీ మీద కూర్చుండిపోయింది. చీర కొంగు అంచును వేళ్లతో మడతలు పెట్టింది, విప్పింది.

“మల్ల నాకు ఎట్ల తెల్వాలె బిడ్డా?” అన్నది.

భవాని తువాలు తీసింది. ఇద్దరూ కలిసి ఆ గుంపులో వెతికారు. ఏడో వరస ఎక్కడా లేదు. చివరికి, బాలరాజ్ లావుపాటి భుజం వెనక, ఒక మూలన, సగం మొహం దొరికింది. ఒకే కన్ను కనబడుతోంది. తెరిచే ఉంది.

ఇంద్రమ్మ అసలు భయం అప్పుడు చెప్పింది. ఆమె మరిది భూపాల్ కోర్టు దగ్గర టైపు మిషన్ మీద ఒక కాగితం కొట్టించి తెచ్చాడు. వినీత్ ఆచూకీ తొమ్మిదేళ్లుగా లేదని, అతను ఇక లేనట్టేనని తల్లిగా తాను ఒప్పుకుంటున్నానని ఆమె వేలిముద్ర వేయాలి. లాయరు గురువారం సాయంత్రం ఐదు లోపల తెమ్మన్నాడు. ఉన్న నాలుగెకరాలూ తల్లీకొడుకుల పేరు మీద ఉన్నాయి. వాడి సంతకమైనా కావాలి, వాడు లేడన్న కాగితమైనా కావాలి. రెండూ లేక ఏ పనీ సాగడం లేదు. భూపాల్ చెడ్డవాడు కాదు. అన్న పోయినప్పటి నుంచి ఆ పొలం దున్నుతున్నది అతనే. ఇన్నేళ్లూ ఆమె, “అద్దంల వాని కండ్లు తెరిసున్నయి, నేను వెయ్య” అంటే, ఒకసారి తానే వచ్చి చూసి, నిజమేనని ఊరుకున్నాడు.

“రేపు అది గూడ ఉండదు గద. ఉంటెనే నమ్ముతున్నరు. ఉత్తగ నేను చెప్తె ఎవలు నమ్ముతరు?” అన్నది ఇంద్రమ్మ.

ఇంకో వారం ఆపుదామా అని భవాని నోటి దాకా వచ్చింది. జానయ్య దగ్గు గుర్తొచ్చింది. పాత సామాన్ల అతను సందు మొదట్లో బండి ఆపుకుని నిలబడి ఉండటం కూడా కనబడింది. మాట మింగేసింది.

గురువారం పది గంటలకు తిరుమల్ పెట్టె విప్పి, డిస్కు బయటికి తీసి తన మిషన్‌కు తగిలించాడు. పాత తెరను వైర్లన్నీ పీకేసి, ఉత్తదాన్నే కౌంటర్ మీద నిలబెట్టారు. కరెంటు లేకపోయినా జనం అందులో ఉన్నారు. ఇంద్రమ్మ దాని ఎదురుగా స్టూలు వేసుకుంది. ఆమె వెనక భూపాల్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, చేతిలో కాగితంతో. తెల్లవెంట్రుకలు, ఎండకు కమిలిన మెడ, కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కా.

మొదటి దగ్గు టీ కొట్టు దగ్గర వినబడింది. తర్వాత తహసీల్ ఆఫీసులో రెండు. అద్దంలో ఒక్కో మొహమూ, వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, మెల్లగా తల తిప్పి చూసేది. అంతే, మనిషి ఉండేవాడు కాదు. తెల్లదుప్పటి ఒక క్షణం మిగిలేది. తర్వాత అది కూడా నల్లబడేది. కళ్లు మూసుకున్నవాళ్లు తల తిప్పలేదు. ఉన్నచోటనే, ఉన్నట్టుగానే మసకబారి పోయారు. అంజిలయ్య అట్లానే పోయాడు. ఇంద్రమ్మ చేతులు జోడించింది.

పదకొండున్నరకు ఆమెకే దగ్గు వచ్చింది. అద్దంలో ఒక ఇంద్రమ్మ, తొమ్మిదేళ్ల కిందటి నల్లజుట్టు ఇంద్రమ్మ, పక్కకు తల తిప్పి మాయమైంది. భవాని సీసా అందించింది. రెండు గుక్కలు తాగింది, సర్దుకుంది. “నాది అయిపోయింది” అన్నది. ఇక ఆమెను తెరవగల మిషన్ లేదు.

మధ్యాహ్నానికి ఊరంతా దగ్గే. బస్టాండులో ఒక కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని ఉండగానే పొలమారి బస్సు రెండుసార్లు ఆగింది. బ్యాంకులో క్యాషియరు, బడిలో పెద్దసారు, సందు చివర టైలరు. ఎవరి సీసా వాళ్ల దగ్గరుంది. దగ్గడం, తాగడం, పనిలో పడటం. బాలరాజ్ వంతు కూడా వచ్చింది. వీధి అవతలి నుంచి అతని గొంతు గట్టిగా వినబడింది, “తిన్నంకనే వచ్చింది అక్కా, శుక్రియ!”

మూడింటికి అద్దంలో ఇరవై మంది మిగిలారు. మూడున్నరకు ఐదుగురు. తర్వాత ఇద్దరు. తర్వాత వినీత్ ఒక్కడు.

అడ్డం ఎవరూ లేకపోవడంతో మొహమంతా కనబడుతోంది. ఉబ్బిన కళ్లు, తల కొంచెం పైకెత్తి. నల్లటి అద్దం నడుమ ఒక్కడే. తిరుమల్ మిషన్ టింగుమని చప్పుడు చేసింది.

“అయిపోయింది” అన్నాడు.

“వాడున్నడు గద” అన్నది భవాని.

తిరుమల్ తన తెర చూశాడు, అద్దం చూశాడు. మూడుసార్లూ సున్నాలు నిండాయి. డిస్కులో ఆవగింజంత జాగా మిగల్లేదు. “ఇండ్ల ఏం లేదక్కా. ఒట్టు” అన్నాడు. గొంతు తగ్గింది. బయట దగ్గులన్నీ ఆగిపోయాయి. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. వాడు పోవడం లేదు. పోవడానికి చోటు తెలియనట్టు, ఎవరో ఏదో చెబితే గానీ కదలనట్టు నిలబడి ఉన్నాడు.

ఇంద్రమ్మ స్టూలు మీద నుంచి లేచింది. అద్దానికి జానెడు దూరంలోకి వెళ్లి, వంగింది.

“సూపియ్యకు అన్నది నేనే” అన్నది. “అంత మంది నడుమ అన్న. నోరు పడిపోతె బాగుండు. ఇప్పుడు నేనే అంటున్న బిడ్డా. సూపియ్. వచ్చి సూపియ్.”

అద్దంలో వినీత్ కళ్లు మూసుకున్నాడు.

తెరిచిన కళ్లు మూసుకోవడం పట్టపగలు ఎవరూ చూడలేదు. అది రాత్రిపూట, ఎవరూ లేనప్పుడు జరిగే పని. రెప్పలు నెమ్మదిగా దిగాయి. దిగిన తర్వాత మనిషి తల తిప్పలేదు, మసకబారి పోయాడు. తెల్లదుప్పటి మిగిలింది. తర్వాత అదీ పోయింది. అద్దంలో ఇప్పుడు కనబడుతున్నది సెంటర్ గోడ, గోడకు ఆనుకున్న భూపాల్, వంగిన ఇంద్రమ్మ నీడ.

భూపాల్ అన్నాడు, “వదినే.” అందులో గెలిచిన ధ్వని లేదు. మనిషి నిజంగానే ఏడుస్తున్నాడు. “సూసినవ్ గద. ఎన్నేండ్లని ఎదురుసూస్తవ్? వానికి చేసేది చేద్దాం. పెద్దల్లో కలిపేద్దాం.”

ఇంద్రమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. బయట వసారాలో తిరుమల్ డిస్కును ఇటుక మీద పెట్టి డ్రిల్లు ఆన్ చేశాడు. ఆ చప్పుడు పళ్ల దాకా తాకింది. ఒక బొక్క, రెండు, మూడు. ఆగిపోయింది.

గోడ మీద గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. భూపాల్ కాగితాన్ని కౌంటర్ మీద పరిచి, మడతలు అరచేత్తో సాపు చేశాడు. భవాని సిరా డబ్బీ మూత తీసి ముందుకు జరిపింది. అలా జరిపినందుకు తన చెయ్యి విరిగిపోతే బాగుండనిపించింది. ఇంద్రమ్మ ఎడమచేతి బొటనవేలిని సిరాలో అద్దింది. వేలు కాగితం మీదికి తెచ్చింది.

దగ్గు వచ్చింది.

మొదట చిన్నగా వచ్చింది, గొంతులో మెతుకు అడ్డం పడినట్టు. ఆమె నోట్లో మెతుకు లేదు. పొద్దున పది తర్వాత ఆమె రెండు గుక్కల నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. రెండో దగ్గుకు ఒళ్లంతా ఊగింది. కళ్ల నుంచి నీళ్లు కారాయి. ఆమె వేలు గాల్లోనే ఆగింది.

“తిరుమలన్నా!” అని అరిచింది భవాని.

తిరుమల్ గుమ్మంలోకి వచ్చాడు. మూడు బొక్కలు పడ్డ డిస్కు అతని అరచేతిలో ఉంది. ఇంకా వెచ్చగా ఉన్నట్టుంది, చేతులు మార్చుకుంటున్నాడు. “ఇగో, నా చేతులనే ఉంది. ఎవలు తెరుస్తరు దీన్ని?” అన్నాడు. కొత్త కంప్యూటర్ మూలన అట్టపెట్టెలో, వేసిన టేపు వేసినట్టే ఉంది. పాత తెర నల్లగా, ఖాళీగా ఉంది.

ఇంద్రమ్మ దగ్గుతూనే ఉంది. అలవాటు కొద్దీ ఎడమచేత్తో నెత్తి మీద తట్టుకుంది. తెల్లజుట్టు మీద నీలం మచ్చ పడింది. మళ్లీ తట్టుకుంది, మళ్లీ పడింది. భవాని గబగబా గ్లాసులో నీళ్లు వంచి నోటి దగ్గర పెట్టింది. ఇంద్రమ్మ ఆ గ్లాసును మోచేత్తో తోసేసింది.

“వద్దు బిడ్డా” అన్నది, దగ్గుల మధ్య దొరికిన సందులో. “నీళ్లు ఇయ్యకు. ఆగిపోతది. ఇంకొంచెంసేపు యాదిచేస్కోనియ్.”

ఆమె మొహం చూస్తుంటే భవానికి ఏడుపు ఆగలేదు. తొమ్మిదేళ్లలో ఆ మొహం మీద నవ్వు చూడటం అదే మొదలు.

భూపాల్ వదిన జుట్టు మీది సిరా మచ్చలనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కౌంటర్ మీది కాగితాన్ని తీసి, పాత మడతల మీదుగానే మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లాయరుకు ఫోన్ చేసి, వస్తలేనని చెప్పాడు.

“కండ్లు మూస్కునేది పోయినోళ్లే గాదు గద” అన్నాడు ఎవరితోనో అన్నట్టు. “అమ్మను యాదిచేస్కుంటె ఎవలైన మూస్కుంటరు.”

ఐదు గంటలకల్లా కాగితం మీద చచ్చిపోవాల్సిన మనిషి, ఎక్కడున్నాడో గానీ, అట్లా మిగిలిపోయాడు. ఐదు కొట్టినప్పుడు ఇంద్రమ్మ ఇంకా దగ్గుతూనే ఉంది. ఆరింటి యాచారం బస్సుకు భూపాల్ ఆమెను చెయ్యి పట్టి ఎక్కించాడు. కిటికీ పక్కన కూర్చుని, జుట్టు నిండా సిరాతో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతున్న ముసలమ్మను చూసి బస్సులో అందరికీ జాలేసింది. ఆ రోజు ఊళ్లో ప్రతివాళ్ల దగ్గరా నీళ్లున్నాయి. ముందు సీటు నుంచి ఒకరు, వెనక సీటు నుంచి ఇద్దరు, నిలబడ్డ కండక్టరు, అందరూ సీసాలు చాచారు.

ఆమె ఎవరి నీళ్లూ తాగలేదు.